దొడ్డి గుమ్మం దగ్గర రోలు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతిని చాలా ఏళ్ళుగా చాలామందికి చెబుతూ వచ్చాను. విన్నవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కొందరు సభ అయ్యాక దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ సంగతి నేను చెప్పినట్టు జరగలేదు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న తిరువూరులో బడిపంతులు. నాయనమ్మ మా దగ్గరే ఉండేది. ఆమె కాపరానికి వచ్చింది గంపలగూడెం వైపు పల్లెకైనా, పుట్టిల్లు మాత్రం ఎ.కొండూరు మీదుగా పోయే బస్సెక్కితే వచ్చే మరో ఊరు. ఆ ఊళ్ళో ఒక జమీందారుగారి దివాణం ఉంది. ఊరి పేరు, ఆ కుటుంబం పేరు ఇక్కడ రాయను. పెళ్ళి కాకముందు నాయనమ్మ, ఆమె అక్క, వాళ్ళమ్మ ఆ దివాణంలో వడ్లు దంచేవాళ్ళు. మిల్లులు రాని రోజులవి. అంత పెద్ద ఇంటికి కావలసిన బియ్యమంతా దొడ్డివైపు, నేలలో పాతిన రాతి రోళ్ళలో, ఆడవాళ్ళ చేతుల మీదుగా తయారయ్యేది.

నాకు పదేళ్ళు వచ్చేసరికి జమీందారీలు పోయి చాలాకాలమైంది. ఆ ఇంటివాళ్ళు దివాణం ముందుభాగాన్ని మ్యూజియం చేశారనీ, టికెట్టు కొనుక్కుంటే ఎవరినైనా లోపలికి పంపిస్తున్నారనీ మా తిరువూరు దాకా కబురొచ్చింది. మా నాన్న ఆ మాట విని ఊరుకున్నాడు. నాయనమ్మ ఊరుకోలేదు.

"ఎవరైనా ఎల్లొచ్చంట. ఎవరైనా అంటే నేను కూడాగా?" అంది.

ఒక శనివారం పొద్దున్నే, ఆదివారాలు చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని నన్ను బయలుదేరదీసింది. చీర నలిగితే రేపు ప్రార్థనకి ఏం కట్టుకుంటావని మా అమ్మ గొణిగింది. దేవుడు చీర చూస్తాడా అని నాయనమ్మ వెనక్కి చూడకుండానే జవాబిచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు నాకు ఇవ్వలేదు. తనే కూర్చుని దారి పొడుగునా ఏ చేను ఎవరిదో, ఏ మలుపులో ఎవరి ఎడ్లబండి తిరగబడిందో చెబుతూనే ఉంది. అంత హుషారుగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

దివాణం ముందు గుమ్మం నేను ఊహించుకున్నదాని కన్నా పెద్దది. ఏనుగు నడిచి వెళ్ళగలిగేంత ఎత్తు. ఆ పెద్ద తలుపులకు ఇత్తడి పువ్వులు కొట్టి ఉన్నాయి. పక్కన బల్ల వేసుకుని ఒక గుమాస్తా టికెట్లు చింపి ఇస్తున్నాడు. నాయనమ్మ రెండు టికెట్లు తీసుకుంది. ఒకటి నా చేతిలో పెట్టింది. రెండోది చీర కొంగున ముడేసుకుంది. ఆ ముడి రెండుసార్లు లాగి చూసుకుంది.

తర్వాత, "నువ్వెల్లి లోపలన్నీ చూడు నాయనా. నేనిలా వస్తా" అని, గుమ్మం ఎక్కకుండా, ప్రహరీ వెంబడి వెనకవైపుకి నడుచుకుంటూ పోయింది.

నేను అక్కడే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే మా క్లాసులో చదివే ఒక పిల్లవాడు వాళ్ళ నాన్నతో రిక్షా దిగాడు. వాళ్ళకి తిరువూరు బజారులో ధాన్యం కొట్టు ఉంది. వాడు నాయనమ్మ పోయిన వైపు చూసి ఇకిలించాడు.

"ఒరేయ్, మీ నాయనమ్మ దొడ్డి గుమ్మం వైపు పోతందేంట్రా? పాలు పిండటానికా?"

నాకు చెవులు కాలిపోయాయి. టికెట్టు కొనుక్కుని కూడా ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో తెలియని మనిషి మా నాయనమ్మ అని వీడు సోమవారం బడిలో అందరికీ చెబుతాడు. ఆ ఒక్కటి తప్పించుకుంటే చాలనిపించింది.

"వాళ్ళే అటు పొమ్మన్నారు. ముందునుంచి రానివ్వలా" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. వాళ్ళ నాన్న విని "ఇంకా ఇవేం బుద్ధులయ్యా" అని నిట్టూర్చి, గేటు పక్కన బండి దగ్గరికి తీసుకెళ్ళి నాకు గోళీసోడా ఇప్పించాడు. వాడికి కొనలేదు, నాకే. చల్లగా గొంతు దిగుతుంటే బాగుంది. మనకి అన్యాయం జరిగిందంటే జనం ఎంత మెత్తబడతారో ఆ సోడాతోనే నాకు మొదట తెలిసింది.

లోపలికి వెళ్ళాను. గోడలకి తుపాకులు, పులి చర్మం, మీసాల పెద్దమనుషుల పటాలు. వెండి పన్నీరుబుడ్లు. ఎక్కడినుంచో ఓడలో తెప్పించిన నిలువుటద్దం. దాంట్లో నేను తల నుంచి కాళ్ళ దాకా ఒకేసారి కనిపించాను. మా ఇంట్లో అద్దం నాన్న గడ్డం గీసుకోవడానికి సరిపోయేంతే. అందుకని అక్కడ నిలబడి నన్ను నేను చాలాసేపు చూసుకున్నాను. జుట్టు కూడా సర్దుకున్నాను.

ఆఖరి గదిలో వెనకవైపు కిటికీ ఉంది. అందులోంచి నవ్వు వినిపించింది. అది నాయనమ్మ నవ్వు.

కిటికీ ఊచలు పట్టుకుని చూస్తే పెద్ద పెరడు. దొడ్డి గుమ్మం బార్లా తీసి ఉంది. ఇద్దరు పాలేర్లు ఆ గుమ్మం పక్క మూలనుంచి కట్టెలు తీసి పక్కన పేరుస్తున్నారు. వాటి కింద నుంచి నల్లటి రాతి రోలు బయటపడుతోంది. నాయనమ్మ ఆ రోలు పక్కన నేల మీద కూర్చుని చేత్తో దాన్ని తుడుస్తోంది. ఆ ఇంటి కోడలుగారు, ఊళ్ళో అంతా చిన్న దొరసానిగారనే ఆవిడ, పక్కనే నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, రెండు చేతులా రోకలి పట్టుకుని ఉంది.

నన్ను చూసి నాయనమ్మ కేకేసింది. "ఒరేయ్, ఇటురా. ఇది చూద్దువుగాని."

నేను వెళ్ళేసరికి చాటెడు వడ్లు రోట్లో పోశారు. నాయనమ్మ లేచి తనో రోకలి అందుకుంది. అడుగున చుట్టూ ఇనప పొన్ను తొడిగిన ఎత్తయిన రోకలి. ఒకళ్ళు ఎత్తినప్పుడు ఇంకొకళ్ళు వెయ్యాలి. దొరసానిగారు రెండు పోట్లు వేసేసరికి సగం గింజలు నేల మీద పడ్డాయి.

"నడుం వంచకండమ్మా, మీరు వంగితే రోకలి నవ్వుద్ది. దాన్ని పైకి తీసుకెల్లి వదిలెయ్యండి, అదే పడుద్ది. మీరు దాంతో దెబ్బలాడతన్నారు."

"నేను దెబ్బలాడటం లేదు మామ్మా, అదే నాతో దెబ్బలాడుతోంది. అరచేతులు మండిపోతున్నాయి."

"అప్పుడేనా? ఇంకా పొట్టయినా ఊడలా."

పాలేర్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. దొరసానిగారు కూడా నవ్వింది. ఆ ఇంటి మనిషిని అలా మందలించగలిగిన మనిషి మా నాయనమ్మేనా అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

కాసేపటికి ఇద్దరి రోకళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి వంతుకి పడసాగాయి. అప్పుడు నాయనమ్మ నన్ను రోలు పక్కన కూర్చోబెట్టింది. దంచుతున్నప్పుడు గింజలు అంచులకి చెదురుతాయి. పైకి లేచిన రోకలి కిందికి దిగేలోపు ఎవరో ఒకరు చెయ్యి పెట్టి వాటిని మళ్ళీ గుంటలోకి తోయాలి. చిన్నప్పుడు ఆ పని నాయనమ్మది. దంచేది వాళ్ళమ్మ, అక్క.

"నువ్వు తొయ్యి" అంది.

రెండు ఇనప పొన్నులు నా కళ్ళముందు లేస్తూ పడుతున్నాయి. నాకు చెయ్యి రాలేదు. నాయనమ్మ దంచడం ఆపి తన ఎడమచెయ్యి నా ముందు పెట్టింది. ఆ చేతి మధ్యవేలు గోరు నల్లగా, అణిగిపోయి ఉండేది. పుట్టుకతోనే అలా ఉందేమో అనుకునేవాణ్ణి.

"ఇది ఇక్కడే అయ్యింది. మా అక్క రోకలి. అక్క తప్పు కాదురా. ఆ రోజు నేను అక్క మొకం చూడకుండా రోకలి చూశా. రోకలి చూస్తే నీకు బయమే కనపడుద్ది. దంచే మనిషి మొకం చూడు. ఎప్పుడు ఎత్తుద్దో, ఎప్పుడు వేసుద్దో మొకమే చెబుద్ది."

మళ్ళీ మొదలుపెట్టారు. నేను నాయనమ్మ ముఖం చూశాను. ముడతలు పడ్డ నుదురు, బిగించిన పెదాలు, చెంపల మీద చెమట. రోకలి ఎత్తేముందు ఆమె గడ్డం కొద్దిగా పైకి లేచేది. అది చూసి చెయ్యి పెట్టాను. గింజలు తోశాను, తీశాను. మళ్ళీ పెట్టాను. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. చేతికి తగిలిన రోటి అంచు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. రాయి కదా, గరుగ్గా ఉంటుందనుకున్నాను. మా ఇంట్లో ఏ గిన్నె కూడా అంత నున్నగా ఉండేది కాదు.

"ఆ నునుపు మాదేరా" అంది నాయనమ్మ, నా మనసులో మాట విన్నట్టు. "మా అమ్మ చెయ్యి, అక్క చెయ్యి, నా చెయ్యి. ముందు గదుల్లో ఉన్నయ్యన్నీ వాళ్ళయ్యి. ఇది మాది. దీన్ని చూట్టానికే నేను టికెట్టు కొన్నది."

వెళ్ళేటప్పుడు దొరసానిగారు, "ముందు గుమ్మంలోంచి వెళ్ళు మామ్మా, గదులన్నీ నేనే దగ్గరుండి చూపిస్తాను" అంది. నాయనమ్మ ఒక క్షణం అటు చూసింది. తర్వాత, "చెప్పులు ఇటేపు ఉన్నాయమ్మా" అని, వచ్చిన దారినే నడిచింది.

బస్సెక్కాక అడిగాను, ముందునుంచి ఎందుకు రాలేదని. పూర్వం తమని ఆ గుమ్మం ఛాయలకి కూడా రానిచ్చేవాళ్ళు కాదని చెప్పింది. ఎండలో గంటల తరబడి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, పిలిస్తేనే లోపలికి వెళ్ళేవాళ్ళట. ఆ మాటలు ఆమె ఏడుస్తూ చెప్పలేదు. పొద్దున ఏ చేను ఎవరిదో చెప్పినట్టే చెప్పింది. తర్వాత మాత్రం ఇలా అంది.

"అటునుంచొస్తే నాకా ఇంట్లో దారి తెలవదు. ఎవరో ఒకరు తీసుకెల్లాలి. ఇటునుంచైతే కళ్ళు మూసుకుని ఎల్తా. ఇయ్యాల ఎవరూ పిలవకముందే తలుపు తట్టా. ఆ యమ్మే వచ్చి గడియ తీసింది."

మళ్ళీ, "ఆ అద్దం ఉందా ఇంకా? మనిషంత ఉంటదని వంటమనుషులు చెప్పుకునేవోళ్ళు" అని అడిగింది. ఉందన్నాను. అందులో నిన్ను నువ్వు చూసుకుని ఏంచేశావంది. జుట్టు సర్దుకున్నానన్నాను. నవ్వి, నా జుట్టంతా చెరిపేసింది.

ఇదీ జరిగింది.

నాయనమ్మ పోయిన చాలాకాలానికి, నేనూ టీచరునయ్యాక, ఒక సభలో నన్ను మాట్లాడమన్నారు. ఏం చెప్పాలో తోచక మా నాయనమ్మ గురించి మొదలుపెట్టాను. టికెట్టు కొనుక్కున్నా ముందు గుమ్మంలోంచి రానివ్వలేదని, దొడ్డి గుమ్మం దగ్గర ఎండలో నిలబెట్టారని, ఊరి పేరు కూడా దాచకుండా చెప్పాను. ఎన్నడో ధాన్యం కొట్టు పిల్లవాడికి చెప్పిన మాట అది, నోటికి దానంతటదే వచ్చేసింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు గోళీసోడాలాగే చల్లగా దిగింది. ఆ తర్వాత ఎక్కడ మాట్లాడమన్నా అదే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎండ కాస్త ముదిరేది. రోలు, రోకలి, దొరసానిగారిని మందలించడం, ఇవేవీ నా కథలో ఉండేవి కావు. అవి చెబితే జాలి పుట్టదు కదా.

మొన్న వేసవిలో, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి ఆ దివాణం చూపించమంది. బండి మీద వెళ్ళాం. గదులన్నీ చూశాం. అద్దం అక్కడే ఉంది, అంచులు మాత్రం మసకబారాయి. వెనకవైపు పెరట్లోకి కూడా ఇప్పుడు వెళ్ళనిస్తున్నారు. దొడ్డి గుమ్మానికి తాళం వేసి, పక్కన గోడకి కొత్తగా ఒక బోర్డు పెట్టారు. మా అమ్మాయి పైకి చదివింది. పూర్వం ఇక్కడ పనిచేసిన ఒక వృద్ధురాలు టికెట్టు కొనుక్కుని వచ్చినా ఆమెను ముందు గుమ్మం నుంచి రానివ్వక ఈ గుమ్మం దగ్గరే నిలబెట్టారని, అందుకు ఈ కుటుంబం సిగ్గుపడుతోందని ఆ బోర్డు సారాంశం.

"నాన్నా, ఇది తాతమ్మ కథే!" అంది. ఫోను తీసి బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయమని నా చేతికిచ్చింది.

నేను ఫోను ఎత్తాను. బోర్డు కింద, పూలకుండీ పెట్టిన నల్లరాయి కనిపించింది. అది ఆ రోలే. వీళ్ళు మా నాయనమ్మ కోసమని బోర్డు పెట్టి, ఆమె చూడ్డానికి వచ్చిన ఒక్క వస్తువునీ కుండీతో మూసేశారు. వాళ్ళకేం తెలుసు? నా నోటి వెంట విన్నదే రాశారు. ఇక నుంచి ఆ గుమ్మం ముందు నిలబడే ప్రతి మనిషీ మా నాయనమ్మని ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలమ్మగా తలుచుకుంటాడు. మా అమ్మాయి కూడా. రేపు దాని పిల్లలు కూడా. ఫొటో తీయలేకపోయాను.

వసారాలో కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. జుట్టంతా తెల్లబడినా చిన్న దొరసానిగారిని పోల్చుకున్నాను. దగ్గరికి వెళ్ళి, ఆ రోజు రోటి పక్కన కూర్చున్న పిల్లవాడు నేనేనని చెప్పాను. ఆవిడ నా ముఖం వంక చాలాసేపు చూశారు. తర్వాత రెండు అరచేతులూ తెరిచి చూపించారు.

"వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను బాబూ, బొబ్బలతో. మీ మామ్మగారు కనికరించలేదు."

"మరి ఆ బోర్డులో ఉన్నది నిజం కాదని మీకు తెలుసు కదండీ."

"తెలుసు. మావాడు ఎక్కడో విని వచ్చి, నిజమేనా అమ్మా అని అడిగాడు. అలా నిలబెట్టిన రోజులు ఉన్నాయిరా అన్నాను. ఏ రోజని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. మావాళ్ళు చేసిందే కదా, ఒప్పుకుంటే పోయేదేముంది అనుకున్నాను." బోర్డు వైపు చూశారు. "కాని మీ మామ్మ వచ్చి ఇది చదివితే నన్ను మాత్రం వదిలిపెట్టదు. నిన్నూ వదిలిపెట్టదు."

ఆవిడ ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అంటే బాగుండేది. చెయ్యని తప్పుని నెత్తిన వేసుకుని, నిజంగా ఉన్న పాత తప్పుకి దాన్ని జమకట్టుకున్నారావిడ. నేనేమో నిజంగా జరిగిన మంచిరోజుని తీసుకెళ్ళి చప్పట్లకి అమ్ముకున్నాను. అక్కడే, వాళ్ళబ్బాయిని కూడా పిలిపించి, అతని ముందూ, మా అమ్మాయి ముందూ జరిగిందంతా చెప్పాను.

మా అమ్మాయి అంతా విని, "అయితే తాతమ్మని ఎవరూ ఆపలేదా?" అంది.

"ఆ రోజు ఎవరూ ఆపలేదమ్మా. తనే అటు వెళ్ళింది."

"మరి నువ్వెందుకలా చెప్పావు?"

"వింటున్నవాళ్ళు కదిలిపోయేవాళ్ళు. నాకు బాగుండేది."

మా అమ్మాయి రోలు దగ్గరికి నడిచి, కుండీని రెండు చేతులతో పక్కకి దొర్లించింది. రోటి గుంటలో మన్ను, ఎండుటాకులు. చేత్తో తీసేసి, అంచు చుట్టూ వేళ్ళతో తడిమింది. ఆ తడమడంలో ఏం తెలిసిందో నేనడగలేదు. కాసేపటికి తలెత్తి, "గోరు ఏ వేలికి నాన్నా?" అంది. నా ఎడమచేతి మధ్యవేలు చూపించాను.

బోర్డు తీసేశారు. దాని చోట ఏం రాయమంటారని వాళ్ళబ్బాయి నన్నే అడిగాడు. నా మాట ఒకసారి గోడెక్కింది చాలు. ఏమీ రాయొద్దన్నాను, ఆ రోటి మీద కుండీ మాత్రం పెట్టొద్దన్నాను. పెద్దావిడ మనిషిని పిలిచి దొడ్డి గుమ్మం తాళం తీయించారు. ఇప్పుడు టికెట్టు కొన్నవాళ్ళు ముందు గుమ్మంలోంచి రావచ్చు, దొడ్డి గుమ్మంలోంచీ రావచ్చు. ఎవరిష్టం వాళ్ళది.

నేను ఇప్పటికీ అప్పుడప్పుడు సభల్లో మాట్లాడుతుంటాను. ఒక మనిషి కష్టం గురించి చెబుతూ, వినేవాళ్ళు ఎంత కదిలారోనని వాళ్ళ వంక చూడబోతాను. అప్పుడు నా ఎడమచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. దంచే మనిషి ముఖం చూడమంది నాయనమ్మ. అన్నేళ్ళూ సభల్లో ఆమె కథ చెప్పినప్పుడు ఒక్కసారైనా ఆమె ముఖం చూసుకుని ఉంటే, గడ్డం కొద్దిగా పైకెత్తి, పెదాలు బిగించి, తన సొంత రోటి ముందు నిలబడ్డ మనిషే కనిపించేది. ఇప్పుడు ముందుగా ఆ ముఖం చూస్తాను. తర్వాతే నోరు తెరుస్తాను.